గండికోట ఒక్క ఫ్రేములో పట్టదు: పానోరమా గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మొదటిసారి గండికోట వెళ్లినప్పుడు లోయ అంచున నిలబడి ఎడమ నుంచి కుడికి వరసగా 11 ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి కలిపితే ఆకాశం చారల చొక్కాలా వచ్చింది, కాళ్ల ముందున్న బండ రెండు ముక్కలై ఒకదాని పక్కన ఒకటి కూర్చుంది. సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకున్నాను. తప్పు దానిది కాదని తెలియడానికి ఏడాది పట్టింది. అప్పటి నుంచి తెలిసినవాళ్లు అడిగిన ప్రశ్నలు, నాకు నేను వేసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణల్లో గండికోట పదే పదే వస్తుంది. నా తప్పుల్లో ఎక్కువ భాగం అక్కడే జరిగాయి మరి.

వైడ్ లెన్స్ ఉండగా ఇన్ని ఫోటోలు తీసి కలపడం ఎందుకు?

16 ఎంఎం లెన్స్‌తో తీస్తే లోయ మొత్తం వస్తుంది, కాదనను. కానీ ఫోటోలో సగం ఆకాశమే ఉంటుంది, పావు వంతు మీ కాళ్ల కింది రాయి ఉంటుంది, మిగిలిన సన్నటి పట్టీలో లోయ సర్దుకుంటుంది. ఎదురుగా నిట్టనిలువుగా లేచిన చరియ, అందులో ఇటుకలు పేర్చినట్టున్న రాతి పొరలు, అడుగున పెన్నా నీళ్లు... దేన్ని చూసి నోరు తెరుచుకుని నిలబడ్డామో అదే అగ్గిపెట్టె అంత అయిపోతుంది. అదే 50 ఎంఎం లెన్స్‌తో, కెమెరాను నిలువుగా పట్టుకుని, 8 ఫోటోలు తీసి కలిపితే వెడల్పుతో పాటు చరియ ఎత్తు కూడా దక్కుతుంది.

పిక్సెళ్ల లెక్క కూడా చూడండి. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఫోటో 6000 బై 4000 ఉంటుంది. వైడ్ ఫోటోను పైనా కిందా కోసి 3:1 పట్టీ చేస్తే మిగిలేది 6000 బై 2000, అంటే 12 మెగాపిక్సెళ్లు. అదే కెమెరాతో 8 నిలువు ఫోటోలు, ఒకదాని మీద ఒకటి 30 శాతం పడేలా తీస్తే దాదాపు 23,600 బై 6000 వస్తుంది. అంటే 14 కోట్ల పిక్సెళ్లు. అంచులు కత్తిరించాక కొంత తగ్గినా, ఆ ఒడ్డున మేస్తున్న మేకలను లెక్కపెట్టుకోవచ్చు.

ఫోన్‌లో పానోరమా మోడ్ ఉందిగా?

ఉంది. చాలాసార్లు అది చాలు. ఫోన్ తిప్పుతున్నంతసేపూ అది సన్నటి నిలువు పట్టీలు తీసి అక్కడికక్కడే అతికిస్తుంది. చిక్కల్లా అతుకు మీద మనకు అజమాయిషీ లేకపోవడమే. చెయ్యి వణికితే కొండ మెట్లు మెట్లుగా వస్తుంది, నడుస్తున్న మనిషి సాగిపోవడమో సన్నబడిపోవడమో జరుగుతుంది. పెళ్లిలో గ్రూప్ ఫోటోకి పానోరమా మోడ్ వాడి మా పిన్నిని రెండు చోట్ల నిలబెట్టిన ఘనత నాకుంది. ఇప్పటికీ ఆవిడ గుర్తు చేస్తుంటుంది.

ఫోన్ తప్ప వేరే కెమెరా లేదంటే దిగులు పడకండి. మామూలు ఫోటో మోడ్‌లోనే విడివిడిగా తీయండి. తెరమీద దూరపు కొండ దగ్గర వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి. అలా లాక్ చేసి, ఫోన్‌ను నిలువుగా పట్టుకుని 6, 7 ఫోటోలు తీసి కంప్యూటర్‌లో కలపండి. ఈ పేజీలో చెప్పేవన్నీ ఫోన్‌కీ వర్తిస్తాయి. అల్ట్రా వైడ్ లెన్స్ మాత్రం వాడొద్దు, 1ఎక్స్ దగ్గరే ఉంచండి.

ఇది కంప్యూటర్లు వచ్చాక పుట్టిన పనేనా?

కాదు. పానోరమా అన్న మాటే రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు 18వ శతాబ్దం చివర గుండ్రటి గదుల్లో చూపించిన తన పెద్ద పెద్ద చిత్రాలతో వ్యాప్తిలోకి వచ్చింది. వాటికి ఆయన 1787లో పేటెంటు తీసుకున్నాడు. ఫోటోగ్రఫీ పుట్టి పదేళ్లు నిండకముందే, 1848లో, అమెరికాలోని సిన్సినాటి నగరం నదీతీరాన్ని 8 డాగెరోటైప్ పలకల మీద (వెండిపూత రేకు మీద ఫోటో తీసే తొలినాటి పద్ధతి) వరసగా తీశారు. మన దేశంలో 1858లో ఫెలిచే బియాటో లక్నోను ఇలాగే ముక్కలు ముక్కలుగా తీసి పక్కపక్కన చేర్చాడు. వాళ్లకు అతుకు కనపడకుండా చేసే దారి లేదు. మనకుంది, అంతే తేడా.

ఏ లెన్స్ మంచిది?

ఫుల్ ఫ్రేమ్ కెమెరా (పాత ఫిల్ము సైజు సెన్సర్ ఉన్నది) అయితే 35 నుంచి 85 ఎంఎం మధ్య ఏదైనా. క్రాప్ సెన్సర్ (అంతకంటే చిన్నది) అయితే 24 నుంచి 50. కిట్ లెన్స్ బాగానే పనిచేస్తుంది, కాకపోతే మధ్యలో జూమ్ రింగు కదిలిందంటే కథ మళ్లీ మొదటికి వస్తుంది. ఎండలో జారే రింగు మీద నేను చిన్న టేపు ముక్క అంటిస్తాను.

ఎన్ని ఫోటోలు తీయాలి? ఎంత ఓవర్‌ల్యాప్ ఉండాలి?

మూడో వంతు. చొక్కా కుట్టే టైలర్ లోపల గుడ్డ వదిలినట్టు, ప్రతి ఫోటోలో పక్కదాని కోసం అంత చోటు వదలాలి. శాతాలు మనసులో లెక్కేసుకుంటూ తీయనక్కర్లేదు. కెమెరాలో గానీ ఫోన్‌లో గానీ 3 బై 3 గళ్ల గీతలు ఆన్ చేయండి. కుడివైపు నిలువు గీత మీద ఏ చెట్టు ఉందో గుర్తుపెట్టుకోండి. ఆ చెట్టు ఫ్రేము ఎడమ అంచుకి వచ్చేదాకా తిరగండి, నొక్కండి. మళ్లీ కుడి గీత మీద ఏముందో చూడండి, తిరగండి, నొక్కండి.

సంఖ్య విషయానికొస్తే, ఫుల్ ఫ్రేమ్ మీద 50 ఎంఎం నిలువుగా పడితే అడ్డంగా 27 డిగ్రీలు కనిపిస్తుంది. మూడో వంతు పోగా ప్రతి అడుగుకీ కొత్తగా వచ్చేది 18 డిగ్రీలు. 180 డిగ్రీల దృశ్యానికి 10 ఫోటోలు పడతాయి. 35 ఎంఎం అయితే 7 చాలు. నేనైతే రెండు చివర్లా ఒక్కో ఫోటో ఎక్కువే తీస్తాను, ఎందుకంటే కత్తిరింపులో మొదట పోయేవి చివర్లే.

ఓవర్‌ల్యాప్ 50 శాతం అయినా నష్టం లేదు, ఫైళ్లు పెరుగుతాయంతే. 15 శాతానికి దిగితే మాత్రం ఇంటికొచ్చాక ఏడుపే.

నిలువుగానా, అడ్డంగానా?

నిలువుగా. అడ్డంగా తీసి కలిపితే రైలు పెట్టెలాంటి సన్నటి పొడుగు ముక్క వస్తుంది, పైగా కత్తిరించడానికి పైనా కిందా చోటు మిగలదు.

కెమెరా సెట్టింగులు ఎలా ఉండాలి?

నా మొదటి గండికోట ఆకాశం చారలు పడింది ఇక్కడే. కెమెరాను ఆటోలో వదిలేశాను. పొద్దు పొడుస్తున్న వైపు తిప్పినప్పుడు అది వెలుతురు తగ్గించుకుంది, నీడలో ఉన్న చరియ వైపు తిప్పినప్పుడు పెంచుకుంది. ఏ ఫోటోకి ఆ ఫోటో చూస్తే భేషుగ్గా ఉంది. పక్కపక్కన పెడితే ఒకటి తెలుపు, ఒకటి నీలం, ఒకటి బూడిద.

కాబట్టి అన్నీ మాన్యువల్. అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/8, ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురును పట్టే చురుకు) 100, షట్టర్ స్పీడు వెలుతురును బట్టి. ఆటో ఐఎస్ఓ ఆపారో లేదో మళ్లీ చూసుకోండి. మాన్యువల్ మోడ్‌లో పెట్టి కూడా దీన్ని మర్చిపోయి దెబ్బతినేవాళ్లే ఎక్కువ. వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సర్దే సెట్టింగు, ఎండకు డేలైట్ దగ్గర స్థిరంగా పెట్టండి. ఫోకస్ ఒకసారి దూరపు కొండ మీద ఆటోలో చేయించి, తర్వాత మాన్యువల్‌కి మార్చి వదిలేయండి. ఫోన్‌లో హెచ్‌డీఆర్ (వెలుగునీ నీడనీ దానంతటదే సర్దే మోడ్) ఆపే వీలుంటే ఆపండి.

షట్టర్ స్పీడు ఎక్కడ చూసి పెట్టాలి అంటారా? మొత్తం దృశ్యంలో బాగా వెలుతురున్న చోట. ముందుగా ఈ చివర నుంచి ఆ చివరకు కెమెరా తిప్పి చూడండి, ఆకాశం ఎక్కడ తెల్లగా మండుతోందో అక్కడ హైలైట్లు పోకుండా సరిపెట్టండి, ఇక దాన్ని ముట్టుకోకండి. నీడ వైపు ఫోటోలు నల్లగా కనిపించి గాభరా పెడతాయి. రా (RAW) ఫైళ్లు, అంటే సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచేవి, తీస్తే ఆ నీడను తర్వాత లేపుకోవచ్చు. పోయిన తెలుపును తిరిగి తేలేం.

పోలరైజర్ వాడొచ్చా?

లెన్స్ ముందు బిగించి ఆకాశాన్ని ముదురు నీలం చేసే ఫిల్టరు అది. పానోరమాకి వద్దు. ఆకాశంలో సూర్యుడికి 90 డిగ్రీల దిశలోనే పోలరైజేషన్ ఎక్కువ. వెడల్పు పానోరమాలో ఆ భాగం ముదురు నీలంగా, మిగతాది వెలిసిపోయినట్టు వస్తుంది. తర్వాత సరిచేయడం తలనొప్పి. లెన్స్ మీద నుంచి తీసి సంచిలో వేయండి.

ట్రైపాడ్ తప్పనిసరా?

పగలైతే కాదు. నేను తీసినవాటిలో సగానికి పైగా చేత్తో తీసినవే. అయితే చేత్తో తీసేటప్పుడు అందరం చేసే పొరపాటు ఒకటుంది: కాళ్లు కదపకుండా నడుము తిప్పుతూ, చేతులు చాచి తీయడం. అప్పుడు కెమెరా మన చుట్టూ పెద్ద వృత్తంలో తిరుగుతుంది. కావలసింది దానికి తలకిందులు. కెమెరా ఉన్నచోటే ఉండాలి, మనమే దాని చుట్టూ చిన్న చిన్న అడుగులతో తిరగాలి.

దీనికి పది రూపాయల ఉపాయం ఉంది. లెన్స్ ముందు భాగానికి ఒక దారం కట్టి, దాని చివర ఒక బోల్టో తాళంచెవో వేలాడదీయండి. నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టండి, లేదా చిన్న రాయి పెట్టండి. దారం పొడుగు, బోల్టు నేలకి నాలుగు వేళ్ల ఎత్తులో ఆగేలా ఉండాలి. ప్రతి ఫోటోకీ బోల్టు ఆ గుర్తు మీదే ఉండేలా చూసుకుంటూ తిరగండి. తాపీ మేస్త్రీ గోడకు గుండు వేలాడదీసినట్టే. చూసేవాళ్లకు నవ్వొస్తుంది, నవ్వనివ్వండి. గాలి గట్టిగా ఉంటే మాత్రం దారం మాట వినదు.

పారలాక్స్ అంటున్నారు, అదేమిటి?

బొటనవేలు ముఖానికి ఎదురుగా చాచి, ఒక కన్ను మూసి చూడండి. కన్ను మార్చండి. వేలు వెనకున్న గోడ మీద పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. కదిలింది వేలు కాదు, చూసే చోటు. కెమెరా కూడా ఫోటోకీ ఫోటోకీ మధ్య పక్కకు జరిగితే, దగ్గరి బండ దూరపు చరియ మీద జరిగిపోతుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్ చరియను కలిపితే బండ విరుగుతుంది, బండను కలిపితే చరియ విరుగుతుంది. నా బండ రెండు ముక్కలైంది అందుకే.

ఎంత జరుగుతుందో లెక్క చెబుతాను. కెమెరాను ట్రైపాడ్ మీద మామూలుగా బిగిస్తే, తిరిగే చోటుకీ లెన్స్‌లో అసలు తిరగాల్సిన చోటుకీ మధ్య 10 సెంటీమీటర్ల దూరం ఉందనుకుందాం. 18 డిగ్రీలు తిప్పితే ఆ చోటు 3 సెంటీమీటర్లు జరుగుతుంది. పైన చెప్పిన 24 మెగాపిక్సెళ్ల కెమెరా, 50 ఎంఎం లెన్స్‌తో 2 మీటర్ల దూరంలో ఉన్న రాయి దాని వెనకున్న కొండ మీద 130 పిక్సెళ్లకు పైగా కదులుతుంది. 100 మీటర్ల దూరంలో ఉన్న చెట్టు కదిలేది 3 పిక్సెళ్లలోపే, దాన్ని ఎవరూ కనిపెట్టలేరు.

అంటే దగ్గర్లో ఏమీ లేని దృశ్యమైతే పారలాక్స్ గురించి మర్చిపోండి. దగ్గరి రాయి, గడ్డి, కోట గోడ ఫ్రేములో కావాలనుకుంటేనే ఈ బాధ.

ఆ 'అసలు తిరగాల్సిన చోటు' ఎక్కడుంటుంది?

లెన్స్‌లోకి ముందు నుంచి చూస్తే అపర్చర్ రంధ్రం ఎక్కడున్నట్టు కనిపిస్తుందో అక్కడ. చాలామంది నోడల్ పాయింట్ అంటారు. ఆ పేరు సరైంది కాదు గానీ, దుకాణంలో అడగాలంటే అదే అడగండి, నోడల్ రైలు (ట్రైపాడ్ మీద కెమెరాను ముందుకూ వెనక్కూ జరిపే పట్టీ) అంటేనే ఇస్తారు.

కనిపెట్టడం ఇలా. కెమెరాను రైలు మీద బిగించండి. మీటరు దూరంలో ఒక కర్ర నిలబెట్టండి, దాని వెనక దూరంగా ఒక కరెంటు స్తంభం ఉండేలా చూసుకోండి. కెమెరాను ఎడమకు తిప్పితే కర్రా స్తంభం ఫ్రేము కుడి అంచుకి వస్తాయి, కుడికి తిప్పితే ఎడమ అంచుకి వస్తాయి. రెండు చోట్లా వాటి మధ్య ఎడం ఒకేలా ఉంటే ఆ చోటు దొరికినట్టే. మారుతుంటే కెమెరాను రైలు మీద కొంచెం ముందుకో వెనక్కో జరిపి మళ్లీ చూడండి. ఒక ఆదివారం మేడ మీద అరగంట పని. ఆ కొలతను రైలు మీద పెన్నుతో గీసుకోండి. జూమ్ లెన్స్ అయితే ఒక్కో ఎంఎంకి ఒక్కో గీత.

హొరైజన్ (నింగీ నేలా కలిసే గీత) అరటిపండులా వంగిపోతోంది. ఎందుకు?

కెమెరా కొంచెం పైకో కిందికో వంచి తీశారు. ట్రైపాడ్ అయితే ఇంకో కారణం ఉంటుంది: బాల్ హెడ్ (కెమెరాను ఎటైనా వంచగలిగే గుండ్రటి కీలు) మీద కెమెరాను రసమట్టంతో చక్కగా నిలబెట్టి, కింద కాళ్లు మట్టంగా ఉన్నాయో లేదో చూడలేదు. తిరిగే దిమ్మె మట్టంగా ఉండాలి, కెమెరా ఒక్కటి ఉంటే చాలదు. తీసే ముందు ఉత్తినే ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి చూడండి. హొరైజన్ ఫ్రేములో ఒకే ఎత్తులో నడుస్తుంటే సరే, ఎక్కుతూ దిగుతూ ఉంటే కాళ్లు సర్దండి. తీసేశాక తెలిస్తే సాఫ్ట్‌వేర్‌లో చాలావరకు నిఠారు చేయొచ్చు, కాకపోతే పైనా కిందా ఎక్కువ కత్తిరించాల్సి వస్తుంది.

పాపికొండల్లో బోటులోంచి వరసగా తీశాను. కలవడం లేదు.

కలవదు. బోటు నడుస్తోంది కదా. పైన చెప్పిన 3 సెంటీమీటర్లకే బండ విరిగిందంటే, రెండు ఫోటోల మధ్య బోటు పోయే దూరం ఎంతో ఊహించుకోండి. దూరంగా ఉన్న కొండలొక్కటే తీస్తే, చకచకా నాలుగు సెకన్లలో ముగిస్తే ఒక్కోసారి కలుస్తుంది. బోటు రెయిలింగు ఫ్రేములోకి వచ్చిందంటే ఆశ వదులుకోండి. అక్కడ ఫోన్ వైడ్ కెమెరాతో ఒక్క ఫోటో తీసుకుని, మిగతాది కళ్లతో చూసుకోవడం మేలు.

మేఘాలు, అలలు, మనుషులు కదులుతుంటే?

వంజంగిలో తెల్లవారుజామున కింద మేఘాలు పారుతుంటే తీయాలని అందరికీ ఉంటుంది. అక్కడ రెండూ మారతాయి, మేఘమూ వెలుతురూ. నిదానంగా తీస్తే మొదటి ఫోటో గులాబీ రంగులో, ఆఖరిది పసుపులో ఉంటుంది. ముందే రెండు మూడుసార్లు ఉత్తుత్తిగా తిరిగి చూసుకుని, సిద్ధమయ్యాక అర నిమిషంలో వరసంతా ముగించండి. ఆనక వెంటనే ఇంకో వరస తీయండి. మూడు వరసలు తీస్తే ఒకటి కుదురుతుంది.

మనుషులు నడుస్తుంటే, అతుకు పడే చోట కాకుండా ఫ్రేము నడుమ ఉన్నప్పుడు నొక్కండి. అయినా ఒకాయన రెండుసార్లు వచ్చాడనుకోండి, హగిన్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో మాస్క్ గీసి ఒక ఫోటోలోంచి ఆయన్ని తప్పించవచ్చు.

సముద్రంతో వేరే గొడవ. విశాఖలో కైలాసగిరి మీద నుంచి నీళ్లు, ఆకాశం మాత్రమే ఉన్న ఫ్రేములు తీస్తే వాటిని పట్టుకోవడానికి సాఫ్ట్‌వేర్‌కు ఏ ఆధారమూ దొరకదు. ప్రతి ఫ్రేములోనూ కింద కాస్త తీరమో, చెట్టుకొమ్మలో ఉండేలా చూడండి.

సాఫ్ట్‌వేర్ అసలు ఎలా కలుపుతుంది?

ప్రతి ఫోటోలోనూ గుర్తుపట్టదగిన చిన్న చిన్న చోట్లను వెతుకుతుంది. రాతి మూల, పగులు, పొద కొన, మసీదు మీనారు అంచు లాంటివి. సైజు మారినా, కొంచెం వంగినా మళ్లీ గుర్తుపట్టేలా ఒక్కోదానికీ ఒక వేలిముద్ర లాంటిది తయారు చేసుకుంటుంది. పక్క ఫోటోలో అదే వేలిముద్ర దొరికితే జత కలుపుతుంది. ఇలా జత కుదిరిన చోట్లనే కంట్రోల్ పాయింట్లు అంటారు. వందల జతల్లో కొన్ని తప్పుడు జతలు ఉంటాయి, ఎందుకంటే ఒక పొద ఇంకో పొదలానే ఉంటుంది. ఎక్కువ జతలు ఏ కదలికను ఒప్పుకుంటున్నాయో చూసి, దానికి ఒప్పనివాటిని పారేస్తుంది. ఊరి పంచాయతీలో మెజారిటీ మాట చెల్లినట్టు. ఏ ఫోటో పక్కన ఏది రావాలో మనం చెప్పకుండానే తేల్చే పద్ధతిని కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ బ్రౌన్, డేవిడ్ లోవ్ 2003లో చూపించారు.

ఇది తెలిస్తే ఒక లాభం ఉంది. మేఘం మీద జతలు కుదిరితే, మేఘం కదిలిపోయింది కాబట్టి అవి కొండను తప్పు చోటికి లాగుతాయి. అతుకు చెడిన ప్రతిసారీ ముందు ఆకాశంలో ఉన్న పాయింట్లు తీసేసి చూడండి.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

డబ్బు పెట్టకుండా నేర్చుకోవాలంటే హగిన్. ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. చూడటానికి మొరటుగా ఉంటుంది, కానీ ఎక్కడేం జరిగిందో దాచకుండా చూపిస్తుంది కాబట్టి నేర్చుకునేవాళ్లకు అదే మంచి గురువు. లైట్‌రూమ్ ఇప్పటికే వాడుతుంటే అందులోనే ఫోటో మెర్జ్ ఉంది, 2015 నుంచి. ఫోటోలు ఎంచుకుని కంట్రోల్, ఎం నొక్కితే చాలు. కలిపాక కూడా డీఎన్‌జీ ఫైలు (రా లాంటిదే) ఇస్తుంది, అంటే వైట్ బ్యాలెన్స్ తర్వాత మార్చుకునే వీలు పోదు. పీటీగుయ్ డబ్బు పెట్టి కొనాల్సింది, వందల ఫోటోలు కలిపేవాళ్లకు. మైక్రోసాఫ్ట్ ఐస్ ఒకప్పుడు అందరి నోటా ఉండేది, కంపెనీ దాన్ని ఆపేసింది. ఎక్కడో దొరికిన పాత ఇన్‌స్టాలర్లు నమ్మి వేసుకోకండి.

హగిన్‌లో మొదటిసారి ఎలా మొదలుపెట్టాలి?

ఫోటోలు లోడ్ చేయండి. అలైన్ నొక్కండి. టీ పెట్టుకుని రండి.

ప్రివ్యూలో దృశ్యం కనిపిస్తుంది. ముందు కంట్రోల్ పాయింట్ల పట్టిక తెరిచి, తేడా ఎక్కువున్నవి పైకి వచ్చేలా వరస మార్చండి. పదీ ఇరవై పిక్సెళ్ల తేడా ఉన్నవి దాదాపు ఎప్పుడూ మేఘం మీదో, నీటి మీదో, ఊగే కొమ్మ మీదో ఉంటాయి. తీసేసి మళ్లీ ఆప్టిమైజ్ చేయండి. సగటు తేడా 2, 3 పిక్సెళ్లకు దిగితే ఇక ముందుకు వెళ్లొచ్చు. హొరైజన్ వంకరగా ఉంటే స్ట్రెయిటెన్ నొక్కండి, ప్రొజెక్షన్ ఎంచుకోండి, కత్తిరించండి, స్టిచ్ చేయండి.

ఫోటోలు లోడ్ చేయగానే లెన్స్ వివరాలు అడిగిందంటే, ఆ ఫోటోలు మీకు వాట్సాప్‌లో వచ్చి ఉంటాయి. అందులో ఫోటోగా పంపితే లెన్స్ సమాచారం పోతుంది, సైజు కూడా తగ్గుతుంది. మిత్రుడిని డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమనండి.

ప్రొజెక్షన్లలో ఏది ఎంచుకోవాలి?

బత్తాయి తొక్కను బల్ల మీద పరచాలని చూడండి. ఎక్కడో చోట చిరగాలి, లేదా సాగాలి. మన చుట్టూ ఉన్న దృశ్యం కూడా ఆ తొక్కే. ఎక్కడ సాగదీయాలో చెప్పేదే ప్రొజెక్షన్.

సిలిండ్రికల్ అంటే డబ్బా చుట్టూ అంటించిన లేబుల్‌ను ఊడదీసి పరిచినట్టు. లోయలు, కొండల వరసలు, పొలాలు, వీటికి ఇదే. స్తంభాలు, గోపురాలు నిటారుగా ఉంటాయి. అడ్డగీతలు మాత్రం, హొరైజన్ తప్ప, వంగుతాయి. కృష్ణ ఒడ్డున ప్రకాశం బ్యారేజీకి దగ్గరగా నిలబడి తీసి ఇలా కలిపితే, తిన్నగా ఉండే బ్యారేజీ విల్లులా నడుమ ఉబ్బుతుంది. అలాంటప్పుడు రెక్టిలీనియర్, అంటే పర్‌స్పెక్టివ్, ఎంచుకోండి. గీతలన్నీ తిన్నగా ఉంటాయి. కానీ వెడల్పు 100 డిగ్రీలు దాటితే చివర్లు జీళ్ల పాకంలా సాగుతాయి, 120 దాటితే చూడలేం. రెండింటికీ మధ్యస్థంగా హగిన్‌లో పానిని అని ఒకటుంది, కట్టడాలకు నాకు అదే ఇష్టం. చుట్టూ 360 డిగ్రీలు, పైన ఆకాశం, కింద నేల అంతా కావాలంటే ఈక్విరెక్టాంగులర్, కానీ అది వేరే చదువు.

అంచులు ఎగుడుదిగుడుగా, నల్లగా మిగిలాయి.

కత్తిరించండి. లైట్‌రూమ్‌లో బౌండరీ వార్ప్ అనే స్లైడర్ అంచులను లాగి నింపుతుంది, కొండలకు పర్వాలేదు, గోడలున్నచోట వంకరలు కనిపిస్తాయి. ఆకాశం మూల చిన్నది మిగిలితే ఫోటోషాప్ ఫిల్‌తో నింపుకోవచ్చు. రాళ్లున్న మూలను అలా నింపకండి, లేని బండలు పుట్టుకొస్తాయి.

ఎడిటింగ్ కలిపే ముందా, తర్వాతా?

లెన్స్ కరెక్షన్, ముఖ్యంగా అంచుల నలుపు పోగొట్టే విగ్నెట్ కరెక్షన్, ముందు. అన్ని ఫోటోలకూ ఒకేలా. అది చేయకపోతే మాన్యువల్‌లో తీసినా ఆకాశంలో లీలగా చారలు వస్తాయి. రంగులు, కాంట్రాస్ట్, నీడలు లేపడం అన్నీ తర్వాత.

ఫైలు సేవ్ అవడం లేదు, లేదా కంప్యూటర్ ఆగిపోతోంది.

జేపెగ్‌లో ఒక వైపు 65,535 పిక్సెళ్లకు మించి పట్టవు. ఫోటోషాప్ మామూలు పీఎస్‌డీకి హద్దు 30,000, దాటితే పీఎస్‌బీగా దాచుకోండి. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే ముందు సగం సైజులో కలిపి చూడండి. అతుకులు బాగున్నాయని తేలాక రాత్రి పడుకునే ముందు పూర్తి సైజుకి పెట్టి వదిలేయండి.

ఎంత పెద్దగా ప్రింటు వేయొచ్చు?

పైన చెప్పిన 23,600 బై 6000 ఫైలుకి అంగుళానికి 300 చుక్కల చొప్పున లెక్కేస్తే ఆరున్నర అడుగుల పొడుగు, 20 అంగుళాల ఎత్తు. హాల్లో సోఫా వెనక గోడ నిండుతుంది. ఫ్లెక్సీ మీద, దూరం నుంచి చూసేదైతే, 100 చుక్కలు చాలు, అప్పుడు దాదాపు 20 అడుగులు. ఇన్‌స్టాగ్రామ్‌కి పొడుగ్గా పెడితే తోరణం అంత సన్నగా కనిపిస్తుంది. 3240 బై 1350కి తగ్గించి, నిలువుగా మూడు సమాన ముక్కలు చేసి కరోసెల్‌గా పెడితే వేలితో జరుపుతూ చూస్తారు.

వందల ఫోటోల్లో ఏవి ఒక వరసకు చెందినవో ఎలా గుర్తుపట్టాలి?

వరస మొదలుపెట్టే ముందు లెన్స్‌కు అరచెయ్యి అడ్డుపెట్టి ఒక ఫోటో. అయిపోయాక పిడికిలి పెట్టి ఇంకోటి. ఇంటికొచ్చాక అరచేతికీ పిడికిలికీ మధ్య ఉన్నవన్నీ ఒక ఫోల్డర్‌లోకి.

కలిపేశాక విడి ఫోటోలు తీసేయొచ్చా?

ఉంచుకోండి. నా మొదటి గండికోట ఫోటోలు 11 హార్డ్‌డిస్కులో అలాగే పడున్నాయి. ఈ మధ్య వాటిని హగిన్‌లో వేసి, ఫోటోమెట్రిక్ ఆప్టిమైజేషన్ నడిపాను. ఏ ఫోటోలో వెలుతురు ఎంత తేడా ఉందో అదే లెక్కగట్టి సర్దింది. చారలు దాదాపు పోయాయి, ఆకాశం ఒకే గుడ్డలా వచ్చింది. బండ మాత్రం ఇంకా రెండు ముక్కలుగానే ఉంది. పాయింట్లు మార్చాను, మాస్కులు గీశాను, ఒక ఆదివారం పొద్దంతా పోయింది. చివరికి కింది నుంచి ఐదో వంతు కోసేసి, బండ లేకుండానే ప్రింటుకి ఇచ్చాను.

బండతో సహా కావాలంటే మళ్లీ వెళ్లాలి. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లే. దారమూ బోల్టూ సంచిలోనే ఉన్నాయి.